హెర్టీ అనే పేరు ఎవరిది?

ప్రశ్న: మా అమ్మాయి బెర్లిన్‌లోని హెర్టీ స్కూల్‌లో చేరబోతోంది. ఆ విద్యాసంస్థ వెనుక గేయోర్గ్ కార్గ్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ల అధిపతి సంపద ఉన్నదని చదివాను. మరి హెర్టీ ఎవరు? కార్గ్ అంతటివాడు ఎలా అయ్యాడు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: హెర్టీ అనే మనిషి లేడు. 1882లో ఆస్కార్ టీట్స్ అనే యూదు యువకుడు జర్మనీలోని గేరా పట్టణంలో దారాలు, గుండీలు, ఉన్ని సరుకులు అమ్మే చిన్న దుకాణం తెరిచి, పెట్టుబడి సమకూర్చిన తన తండ్రి సోదరుడు హెర్మన్ టీట్స్ పేరునే దానికి పెట్టాడు. ఆ పేరులోని ‘హెర్’, ఇంటిపేరులోని ‘టీ’ కలిస్తే హెర్టీ.

1888లో పుట్టిన కార్గ్ బెర్లిన్‌లో అడాల్ఫ్ జాన్‌డార్ఫ్ దుకాణాలకు బట్టలు కొనే విభాగంలో రాటుదేలాడు. ఏ సరుకు ఎంతకు కొంటే ఎంతకు అమ్ముడుపోతుందో పసిగట్టడమే ఆ పనిలో అసలు విద్య. 1920ల చివర జాన్‌డార్ఫ్ తన దుకాణాలను టీట్స్ కుటుంబానికి అమ్మేయడంతో, కార్గ్ కూడా వాటితోపాటు కొత్త యజమానుల దగ్గరికి చేరాడు.

1933లో నాజీలు అధికారానికి వచ్చారు. యూదుల దుకాణాలను బహిష్కరించమన్న పిలుపుతో అమ్మకాలు పడిపోయి, అప్పుల్లో ఉన్న టీట్స్ సంస్థకు బ్యాంకులు రుణం ఇవ్వడానికి కుటుంబం తప్పుకోవాలన్న షరతు పెట్టాయి. అలా పుట్టిన హెర్టీ కంపెనీ నిర్వహణను కార్గ్‌కు అప్పగించారు. టీట్స్ వారసులు దేశం విడిచిపోగా, ఆయన బ్యాంకుల నుంచి వాటాలు కొంటూ 1940 నాటికి మొత్తానికీ యజమాని అయ్యాడు. ఆయనది అసాధారణమైన వ్యాపార దక్షతే, సందేహం లేదు. కానీ యజమానులను వెళ్లగొట్టకపోతే ఆ కుర్చీ ఖాళీ అయ్యేది కాదన్నది కూడా అంతే నిజం.

యుద్ధానంతరం 1949లో కుదిరిన రాజీలో మ్యూనిక్, స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె నగరాల్లోని దుకాణాలు టీట్స్ కుటుంబానికి తిరిగి దక్కాయి; అయితే వాటినే కార్గ్ అద్దెకు తీసుకుని నడిపాడు. హెర్టీ కంపెనీ చేతిలోనే ఉన్న, బెర్లిన్‌లోని ప్రసిద్ధ డిపార్ట్‌మెంట్ స్టోర్ కాడేవే భవనం మీద 1943లో ఒక యుద్ధవిమానం కూలి, అది చాలావరకు కాలిపోయింది. 1950 జులైలో కింది రెండు అంతస్తులు మాత్రమే సిద్ధం చేసి తలుపులు తెరిస్తే, తొలిరోజే సుమారు 1,80,000 మంది వచ్చారని చెబుతారు. ఏళ్ల తరబడి కరువు చూసిన ఊరు కదా!

కార్గ్ 1972లో మరణించాడు. రెండేళ్లకు ఆయన వారసులు హెర్టీ ఫౌండేషన్‌ను నెలకొల్పారు. మీ అమ్మాయి చేరబోయే స్కూల్‌ను 2003లో స్థాపించింది అదే. దుకాణాల్ని 1990లలో కార్‌స్టాట్ సంస్థ కొనేసింది. ఈ గతాన్ని ఆ స్కూల్ విద్యార్థులే తవ్వి, టీట్స్ కుటుంబానికి జరిగినదాన్ని బహిరంగంగా గుర్తించాలని పట్టుబట్టగా, ఫౌండేషన్ చరిత్రకారుల చేత పరిశోధన చేయించింది.