మీరు అడిగారు: అంచుకు పళ్లు లేని అమెరికా స్టాంపులు

ప్రశ్న: మా చిన్నాయన 1979లో అమెరికా పోయిండు. తనకు వచ్చే కవర్ల మూలలు కత్తిరించి, ఏడాదికోసారి ఎవరన్నా వచ్చేటప్పుడు నాకు పంపేవాడు. బిస్కెట్ డబ్బా నిండా ఉన్నాయి. వాటిలో చాలా స్టాంపులకు పైనా కిందా పళ్లు లేవు, కత్తెరతో కోసినట్టు నున్నగా ఉన్నాయి. పాడైనవని పారేయాలా? (దేవరకొండ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అయ్యో, పారేయకండి! వాటిని ఎవరూ కోయలేదు, అవి పుట్టుకతోనే అట్లున్నాయి. వాటిని కాయిల్ స్టాంపులంటారు. ఒకే వరుసలో 500, 1000, 3000 చొప్పున చుట్టగా చుట్టి అమ్మేవాళ్లు, ఆఫీసుల్లో కవర్ల మీద అంటించే మిషన్లకూ, డబ్బులేస్తే స్టాంపు ఇచ్చే మిషన్లకూ అవే కావాలి కదా. అమెరికా తపాలాశాఖ 1908లో స్వయంగా వీటిని తేవడం మొదలుపెట్టింది. గుర్తు సులువే. ఎదురెదురు అంచులు రెండూ నున్నగా ఉంటే కాయిల్ అనుకోవచ్చు, పక్కపక్క అంచులు నున్నగా ఉంటే అది షీటు మూలలోదో బుక్‌లెట్‌లోదో అయ్యుంటుంది.

మీ డబ్బాలో చూడాల్సింది ఇంకొకటుంది. 1981 నుంచి కాయిల్ స్టాంపు కింది అంచున చీమ తలకాయంత ప్లేట్ నంబరు, అంటే ఏ అచ్చు పలకతో ముద్రించారో చెప్పే అంకె, వేస్తూ వచ్చారు. అన్నిటికీ ఉండదు, రకాన్ని బట్టి 24, 48 లేదా 52 స్టాంపులకొకసారి వస్తుంది. సుప్రీంకోర్టు ముందు జెండా ఉన్న 20 సెంట్లదీ, పాత బండ్ల బొమ్మల వరుసలో మొదటిదైన 18 సెంట్ల గుర్రబ్బండిదీ దొరికితే భూతద్దం పట్టుకొని కింద చూడండి. పెద్ద ధర పలుకుతుందని ఆశపడకండి, చాలావాటికి రాదు, కానీ వెతకడంలో మజా ఉంది.

రెండు స్టాంపులు అతుక్కొని ఉంటే మాత్రం విడదీయొద్దు. పాత వాటిలో రెండు స్టాంపుల నడుమ నిలువుగా సన్నటి గీత కనిపిస్తుంది ఒక్కోసారి. గుండ్రంగా తిరిగే అచ్చు మిషన్ మీద రెండు ప్లేట్లు కలిసే సందులో సిరా నిలిచి, ఆ గీత కాగితం మీద పడేది. ఆ జంటకు విడి స్టాంపుల కంటే ఎక్కువ విలువ. నేను ఇంటర్ చదివేటప్పుడు ఆల్బమ్‌లో గడికొకటి సరిపోవాలని అట్లాంటి జంటను చింపి పెట్టిన, ఇప్పటికీ ఆ పేజీ తిప్పితే నా మీద నాకే కోపమొస్తుంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 1908 నాటి ఒక సెంటు ఆకుపచ్చ ఫ్రాంక్లిన్ కాయిల్ అమ్ముతున్నారు, ఆరు వేలు అంటున్నారు, ఎడమా కుడీ అంచులు నున్నగా ఉన్నాయి. తీసుకోవచ్చా? (మిర్యాలగూడ)

జవాబు: ఆగండి. అప్పటి షీటు స్టాంపులకూ, మొదటి కాయిల్స్‌కూ పళ్ల లెక్క ఒకటే, రెండు సెంటీమీటర్లకు 12. అంటే మామూలు షీటు స్టాంపు రెండు పక్కలా కోస్తే దొంగ కాయిల్ తయారు! పైగా 400 స్టాంపుల షీటును నాలుగు ముక్కలు చేసేవాళ్లు కాబట్టి కోసిన చోట ఒక అంచు ముందే నున్నగా ఉంటుంది, దొంగకు సగం పని తప్పింది. 1910లో పళ్లను ఎనిమిదిన్నరకు తగ్గించాక ఈ తిప్పలు కొంత తగ్గాయి.

స్కేలు పెట్టి వెడల్పు చూడండి, మామూలు స్టాంపు కంటే సన్నగా ఉంటే వదిలేయండి. రెండు అంచులూ సమాంతరంగా లేకపోయినా అంతే. జంటగా అమ్ముతున్నాడని నమ్మొద్దు, జంటనూ కోయొచ్చు. స్టాంపులను పరీక్షించే న్యూయార్క్ ఫిలాటెలిక్ ఫౌండేషన్ లాంటి సంస్థ అసలుదేనని ఇచ్చిన సర్టిఫికెట్ లేకుండా ఆ ధర పెట్టనే వద్దు. నేనైతే ఆ ఆరు వేలతో సర్టిఫికెట్ ఉన్న చిన్నదేదో కొంట.

ప్రశ్న: కవరు ముక్కకు అంటుకున్న స్టాంపును ఎట్లా తీయాలి? (వనపర్తి)

జవాబు: పాతవైతే గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెట్టండి, లాగొద్దు, అదే జారుతుంది. తర్వాత బొమ్మ కిందికి ఉండేట్టు తెల్ల కాగితం మీద ఆరనివ్వండి. ఎర్ర, ఆకుపచ్చ కవర్ల ముక్కలు వేరే గిన్నెలో వేయండి, రంగు దిగుతుంది. ఈమధ్య వచ్చిన స్టిక్కర్ రకాలు చాలావరకు నీళ్లకు ఊడవు, చుట్టూ కాస్త కాగితం వదిలి కత్తిరించి అట్లనే దాచుకోండి.