ఎక్కడ నిలబడ్డవో ముందు చెప్పు

బిడ్డా,

నీ కథ అందింది. రెండుసార్లు చదివిన. మొదటిసారి కోపమొచ్చింది. రెండోసారి ఆఖరి పేజీ కాడ చాలాసేపు ఆగిన. ముందుగాల కోపం సంగతి చెప్త.

దేవరకొండ పిల్ల హైదరాబాద్‌లో పెద్ద రాక్ కన్సర్ట్‌కు పోయింది. పదకొండు పేజీలు. అందులో "హోరు" పందొమ్మిది సార్లు, "ఉర్రూతలు" నాలుగుసార్లు, "జనసంద్రం" మూడుసార్లు. లెక్కపెట్టే రాస్తున్న. ఇవి పేపర్లో జిల్లా పేజీ మాటలు. మంత్రి సభకైనా, కాలేజీ వార్షికోత్సవానికైనా, నిమజ్జనానికైనా ఇవే పడతయి. సరే, మాటలు దిద్దుకోవచ్చు. కానీ పదకొండు పేజీలు అయిపోయినా ఆ పిల్ల ఎక్కడ నిలబడ్డదో నాకు తెల్వలేదు. రెండో పేజీలో బారికేడ్ పట్టుకొని ఉన్నది. మూడో పేజీలో "కింద చీమల్లెక్క జనం" అంటున్నది. నడుమ మెట్లెక్కినట్టు ఎక్కడా లేదు. ఒకచోట కప్పుకు వేలాడే లైట్లు, ఇంకోచోట నెత్తి మీద చందమామ.

నువ్వు ఐదు ప్రశ్నలు అడిగినవు. కలం పేరు గురించి, పోటీల గురించి నన్నడగకు. నాకు తెలిసింది ఒక్కటే: మనిషిని ఒకచోట నిలబెట్టు, అడుగుల లెక్కన నిలబెట్టు. ఆ జాగానే మిగతాది రాయిస్తది.

గచ్చిబౌలిలో ఇండోర్ స్టేడియం ఉన్నది, దాని పక్కకే బైలు స్టేడియం ఉన్నది. కప్పు కింద అయితే డ్రమ్ము దెబ్బ గోడకు కొట్టుకొని మళ్ల వస్తది. ఒక దెబ్బ ఆరకముందే ఇంకోటి దాని మీద పడి పాట మాటలు మసకబారుతయి. షోకు ముందుగాల మోత సరిచూసుకునే సౌండ్ చెక్ అప్పుడు ఖాళీ హాల్లో ఇది ఇంకా ఎక్కువ. జనం నిండినంక ఒళ్లు, బట్టలు ఆ మోతను తాగేస్తయి. మన ఫంక్షన్ హాలు ముచ్చటనే. ముందురోజు కుర్చీలు వేసేటప్పుడు పిలిస్తే మారుమోగుతది, పెండ్లినాడు మోగదు. అందుకే మొదటి పాటకు సౌండ్ ఇంజినీరు చేతులు మోత సరిచేసే మిక్సింగ్ బోర్డు మీద కుదురుగ ఉండవు. మధ్యాహ్నం పెట్టుకున్న లెక్క సాయంత్రానికి పనికిరాదు. నీ పిల్లకు మొదటి పాట మాటలు సరిగ వినపడలేదని, మూడో పాటకు తేటపడ్డయని రాస్తే నేను నమ్ముత.

బైలైతే తిరిగొచ్చే మోత తక్కువ, గని గాలి ఉంటది. సన్నటి శబ్దాలు దూరం పోయేకొద్ది అరిగిపోతయి, గాలి మళ్లితే ఒక్క క్షణం మాయమై మళ్ల వస్తయి. లావు శబ్దాలు నిలుస్తయి. రాత్రిపూట పక్కూరి పెండ్లి మైకు మనకు పాటగ వినపడదు, దుబ్బు దుబ్బుమనే వినపడతది గదా. స్టేజి మీద పొగ కూడ గాలికి కొట్టుకపోతది. ఆ పొగ లేకపోతె లైటు కిరణాలు గీతల్లెక్క కనపడవు. నువ్వు రాసిన "వెలుగు కత్తులు" హాల్లో మంచిగనే ఉంటయి, గాలి వీచే గ్రౌండులో ఉండవు.

ఇంకొకటి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం బైలు జాగాలో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక లౌడ్‌స్పీకర్ బంద్. పండుగలు, ఉత్సవాలకు రాష్ట్ర ప్రభుత్వం 12 దాక సడలింపు ఇయ్యొచ్చు, అది కూడ ఏడాదికి 15 రోజులు మించకుండ. నీ కథలో చందమామ కింద ఒంటిగంట దాక గిటార్ మోగుతున్నది. పదింటికి ముగించు. అప్పుడే ఆ పిల్ల జనంలకెల్లి బయటపడి, ఆఖరి మెట్రో కోసం ఉరికి, ఎల్బీనగర్‌లో సాగర్ రోడ్డు బస్సు అందుకోగలుగుతది. ఆ ఉరుకుడు నీ కథలో లేదు. చందమామ కోసం దాన్ని పోగొట్టుకున్నవు.

ఇప్పుడు జనంలో ఆఖరి వరుసల నిలబడ్డోళ్ల సంగతి. "డ్రమ్మర్ కట్టె పడంగనే దెబ్బ నా గుండెకు తాకింది" అన్నవు. స్టేజికి 120 మీటర్లు అనుకో. శబ్దం సెకనుకు దగ్గర దగ్గర 345 మీటర్లు పోతది. అంటే సెకనులో మూడో వంతు ఆలస్యం. చెరువు కట్ట మీద నిలబడి అవతలి రేవులో బట్టలు ఉతికేటాయనను ఎప్పుడన్న చూసినవా? బట్ట బండకు తాకినప్పుడు చప్పుడు ఉండదు. చేతులు మళ్ల పైకి లేస్తున్నప్పుడు దబ్బుమని వస్తది. ఆఖరి వరుసలకెల్లి డ్రమ్మర్ అచ్చం అట్లనే కనపడతడు. నిమిషానికి 120 దెబ్బల పాటైతే దెబ్బకూ దెబ్బకూ నడుమ అర సెకను. కట్టె లేచి రెండో దెబ్బకు దిగుతున్నప్పుడు మొదటి దెబ్బ చెవికి చేరుతది. గ్రౌండు నడుమ డిలే టవర్లని ఇంకొన్ని స్పీకర్లు నిలబెడతరు. వాటికి శబ్దాన్ని కావాల్ననే ఆలస్యం చేసి ఇస్తరు, స్టేజి నుంచి గాలిలో వచ్చే మోతతో కలవాలె గనుక. కలవకుంటే ఒక్కో దెబ్బ రెండుసార్లు వినపడతది. కాబట్టి టవర్లు ఉన్నా కంటికీ చెవికీ నడుమ ఆ సందు పూడదు. చప్పట్లు కూడ అంతే. ముందోళ్లకు తాళం ముందు చేరుతది, వెనకోళ్లకు వెనక. పైనుంచి చూస్తే లేచిన చేతులు గాలికి వరిచేను ఊగినట్టు ముందు నుంచి వెనకకు ఒరుగుతయి. "అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు" అనే వాక్యం కొట్టెయ్యి.

బారికేడ్ కాడ నిలబెడతవా? అక్కడ లెక్క వేరే. పెద్ద స్పీకర్లు ఒకదాని కింద ఒకటి, కిందికొచ్చేసరికి కొడవలి లెక్క వంగి వేలాడతయి. వాటి మోత ముందటి వరుస నెత్తి మీది నుంచి వెనకకు పోతది. ముందోళ్ల కోసం స్టేజి అంచున చిన్న స్పీకర్లు పెడతరు. లావు శబ్దాల స్పీకర్లు, అంటే సబ్‌వూఫర్లు మాత్రం చాలాచోట్ల స్టేజి ముందట నేల మీదనే ఉంటయి. అందుకే అక్కడ పాట మాట కన్న కిక్ డ్రమ్ము, అంటే కాలితోని కొట్టే పెద్ద డ్రమ్ము దెబ్బ ముందు. బారికేడ్ ఇనుములకెల్లి అరచేతులకు ఎక్కుతది, ఛాతీ మీద అంగి గుడ్డ వణుకుతది. నీ పిల్ల అక్కడ నిలబడి గాయకుడి ఊపిరి విన్నది. వినదు. ఊపిరి, గిటార్ తీగ మీద వేళ్ల జారుడు, ఇవన్నీ కుదురుగ వినాల్నంటె మిక్సింగ్ బోర్డు కాడ నిలబెట్టు. స్టేజికి ఎదురుంగ, జనం నడుమ, చుట్టూ కంచె వేసిన మంచె ఉంటది. చిన్న దీపాల వెలుగులో ఇద్దరు ముగ్గురు వంగి ఉంటరు. ఇంజినీరు తన చెవికి మంచిగ వినపడేదాక సరిచేస్తడు, ఆ చెవి ఉన్నది అక్కడనే. మొఖం కావాల్నంటె ముందుకు, పాట కావాల్నంటె మంచె కాడికి. రెండూ కావాల్నంటె కుదరదు. నీ కథకు అసలైన ముడి ఇదేనేమో చూడు. ఇద్దరు దోస్తులు ఈ ఒక్కదాని మీద విడిపోవచ్చు.

ఐదో పేజీలో గిటార్ సోలో నడుస్తుండంగ స్నేహితురాలు "గుసగుసగా" తన ప్రేమ సంగతి చెప్పింది. ఇట్లాంటి కన్సర్టులో మోత 100 డెసిబెల్స్ దాటడం మామూలే. అమెరికాలో పనిచోట భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే సంస్థ (NIOSH) లెక్కలో 85 డెసిబెల్స్ కాడ 8 గంటలు ఉండొచ్చు. పైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ టైము సగమైతది. 100 కాడికొచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. అంత మోతలో మనుషులు అరచేయి అడ్డం పెట్టి, చెవికి మూతి ఆనించి, ఒక్కొక్క మాట విడగొట్టి అరుస్తరు. ఎక్కువ చెప్పాల్నంటె ఫోన్లో టైప్ చేసి చూపిస్తరు. పంపరు. అన్ని వేల ఫోన్లు ఒక్క జాగాలో ఉంటే మెసేజ్ గుండ్రంగ తిరుగుకుంట ఉంటది. ఆ ప్రేమ సంగతి ఫోన్ తెర మీద, తప్పుల స్పెల్లింగుతోని, వెనక ఎవరో తోస్తే సగం వాక్యం కాడ ఆగిపోయినట్టు రాయి.

దూది గురించి కూడ. నీ పిల్ల చెవుల్లో దూది పెట్టుకున్నది. దూది ఆపేది శానా తక్కువ. మెడికల్ షాపులో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ దొరుకుతయి. దాన్ని వేళ్ల నడుమ సన్నగ నలిపి, రెండో చేతిని తల మీదికెల్లి తెచ్చి చెవిని పైకి, వెనకకు గుంజి, లోపలికి దూర్చి, ఉబ్బేదాక అర నిమిషం వేలితో పట్టాలె. తొందరపడి పెడితే సగం బయటనే ఉంటది, పనిచెయ్యదు. ఒక పిల్ల ఇంకో పిల్లకు ఆ చెవి గుంజి పెట్టడం, ఆ అర నిమిషం, నీ గుసగుస కన్న దగ్గరి సీను.

ఇప్పుడు నాకు నిజంగ భయమైన వాక్యం: "జనం నన్ను మోశారు, కాళ్లు నేలకు తగలడం లేదు, ఎగురుతున్నట్టుంది." బిడ్డా, అది ఎగురుడు కాదు. చదరపు మీటరుకు ఆరేడుగురు పడితే ఎవరి ఒళ్లు వాళ్ల చేతిలో ఉండదు, జనం నీళ్లలెక్క అటూ ఇటూ పారుతరు. ప్రాణాలు పోయేది కాళ్ల కింద నలిగే కాదు, ఛాతీ విప్పారనీకి సందు లేక ఊపిరాడక. 1979 డిసెంబరు 3న అమెరికాలో సిన్సినాటిలో ది హూ బ్యాండ్ కచేరి తలుపుల కాడ 11 మంది అట్లనే పోయిండ్రు. సీటు నంబర్లు లేవు, ముందెవరు ఉరికితే ముందటి జాగా వాళ్లది. మన దగ్గర 2011 అక్టోబరులో గుర్గావ్‌లో మెటాలికా షో స్టేజి ముందటి బారికేడ్ నిలవక రద్దయింది. రెండు రోజులకు బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో జరిగింది. తెలిసినోళ్లు ఏం చేస్తరంటే, మోచేతులు మడిచి ఛాతీ ముందట పెట్టుకుంటరు, ఊపిరికి సందు ఉండాల్నని. తోపు వచ్చినప్పుడు ఎదురు తన్నరు. తోపు ఆగినప్పుడు ఏటవాలుగ అంచుకు జరుగుతరు. ఫోన్ కింద పడితే వంగరు. నీ పిల్లను ఎగిరించకు, ఏటవాలుగ జరిపించు.

షో మొదలు అయ్యేముందు ముప్పావుగంటను నువ్వు "కొద్దిసేపటికి" అని దాటేసినవు. ముందటి బ్యాండు దిగినంక నల్లటి అంగీలోళ్లు వస్తరు. డ్రమ్ముల మీది నల్లగుడ్డ తీస్తరు. ఒకడు కిక్ ఒక్కటే కొడతడు, ఆగుతడు, స్నేర్ అనే చిన్న డ్రమ్ము కొడతడు, ఆగుతడు. ఇంకొకడు మైకులో "చెక్, వన్, టూ" అంటడు. పాటల వరుస కాగితాన్ని నేలకు టేపుతోని అతికిస్తరు. మన దిక్కు డప్పులోళ్లు ఊరేగింపుకు ముందుగాల గడ్డిమంట కాడ చర్మం కాపి, ఒక్కో దెబ్బ కొట్టి చెవి పెట్టి వింటరు గదా, ఆ పనే ఇది. ఆ చెవి పెట్టి వినుడు రాయకుండ దరువు గురించి రాస్తే ఏం లాభం? నా కథలో డప్పు కొట్టే పుల్లలను సిర్ర, సిటికెన పుల్ల అని రాస్తే "రెండు కర్రలు" అని అచ్చేసిన సంపాదకుడు ఒకాయన ఉండె. డప్పు కాపే పేరా "కథకు అనవసరం" అని తీసేసిండు. ఇప్పటోళ్లు ఇంకో రకం, సబ్‌వూఫర్‌ను "మంద్రధ్వని యంత్రం" చేస్తరు. నీ కథలో ఎవరన్న అట్ల దిద్దితే ఒప్పుకోకు. వాళ్లు అచ్చెయ్యకపోతె మానె.

ముగింపు కాడ ఇంకో తప్పు. హాలు లైట్లు వెలిగినంక జనం "ఇంకోటి, ఇంకోటి" అని అరుస్తున్నరు. లైట్లు వెలిగినయంటే అయిపోయినట్టే. బ్యాండు లోపలికి పోయినా లైట్లు ఆర్పే ఉంటే మళ్ల వస్తరని జనానికి తెలుసు, ఆ చీకట్లోనే అరుస్తరు. లైట్లు వెలగంగనే ఆ అరుపు ఎట్ల తెగిపోతదో, నేల మీద తొక్కిన గ్లాసులు ఎట్ల బయటపడతయో అది రాయి.

ఇగ ఆఖరి పేజీ. రాత్రి రెండున్నరకు దేవరకొండ దగ్గరి మల్లేపల్లి చౌరస్తాలో బస్సు దిగి, బావ బండి కోసం చూస్తూ "పొలం పక్కన నిలబడ్డాను, కీచురాళ్లు అరవడం లేదు" అని రాసినవు. అక్కడ ఆగిపోయిన. పెద్ద మోత తర్వాత చెవి ముందుగాల పోగొట్టుకునేది 4000 హెర్ట్జ్ దగ్గరి సన్నటి శబ్దాలనే, కీచురాయి కూత కూడ ఆ దగ్గర్లనే ఉంటది. బస్సు ఇంజను వినపడతది, కీచురాయి వినపడదు. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో మళ్ల వస్తది. రాకపోతె, గుయ్యిమనుడు తగ్గకపోతె చెవి డాక్టరుకు చూపించుకోవాలె. ఇది నీకు పుస్తకాలలో దొరికిందో, నీ చెవికే అయ్యిందో అడగను. దాని కింద "నిశ్శబ్దం కూడా ఒక సంగీతమే" అని ఇంకో వాక్యం పెట్టినవు. నేను పెన్నుతోని గీసేసిన, కాగితం చినిగింది.

నల్లగొండ దగ్గర వచ్చే చెర్వుగట్టు జాతరకు పో. డీజే బండి కాడ మొదలుపెట్టి పది పది అడుగులు వెనకకు నడువు. ప్రతిసారి ఆగి ఏం వినపడతలేదో రాసుకో, వినపడేది కాదు. మూడు వందల అడుగులు అయినంక నాకు ఆ కాగితం పంపు. ప్లగ్స్ పెట్టుకొని పో, మూతికి దస్తి కట్టుకో. ఆ రోజు దుమ్ము బాగ లేస్తది.