ఎంబ్రాయిడరీ ప్యాచ్‌లకు యూవీ అద్దం ఒక్కటే చాలదు

నాసా మిషన్ ప్యాచ్‌లన్నీ (ఒక్కో అంతరిక్ష యాత్రకు గుర్తుగా దారంతో కుట్టే బ్యాడ్జీలు) యూవీ అద్దంతో, అంటే అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దంతో ఫ్రేమ్ కట్టించి, హాల్లో కిటికీ ఎదురుగోడకు పెడితే రంగులు నిలుస్తాయా అని అడిగారు. నిలవవండి. యూవీ అద్దం వేయించండి, మంచిదే, కానీ దానివల్ల వెలిసిపోవడం నెమ్మదిస్తుంది, ఆగదు. మన కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా దారంలోని రంగును పాడుచేస్తుంది. పైగా ఆ నష్టం రోజురోజుకీ పోగవుతుంది. మధ్యలో కొన్నాళ్లు చీకట్లో పెట్టినా పోయిన రంగు తిరిగి రాదు.

నేను కూడా ఇవే సేకరిస్తాను. పాత ప్యాచ్ ఏది చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పుతాను. వెనక కుట్టు మీద వెలుతురు పడదు కాబట్టి అసలు రంగు అక్కడ తెలుస్తుంది. ముందువైపు లేత గులాబీగా కనిపించేది వెనక చూస్తే నిండు ఎరుపు! నా దగ్గరకు వచ్చినవాటిలో ఎరుపు, గులాబీ, ఊదా రంగులే ఎక్కువ దెబ్బతిన్నాయి. దారాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. పాలిస్టర్ దారం కొంత తట్టుకుంటుంది. రేయాన్‌కు మెరుపు ఎక్కువే గానీ, ఎండకు రంగుతో పాటు దారం బలం కూడా తగ్గుతుంది.

నా దగ్గరున్నవాటిలో నాకు ప్రాణం ఎస్‌టీఎస్-107, అంటే కొలంబియా స్పేస్ షటిల్ చివరి యాత్ర ప్యాచ్. కొలంబియా నౌక ఆకారంలో ఉంటుంది, అంచు వెంట కల్పనా చావ్లాతో సహా అందులో వెళ్లిన ఏడుగురి ఇంటిపేర్లూ దారంతో కుట్టి ఉంటాయి. 2003 ఫిబ్రవరి 1న ఆ ఏడుగురూ తిరిగి రాలేదు. అంత చిన్న అక్షరాలు చదవగలుగుతున్నామంటే అక్షరాల దారానికీ వాటి వెనకున్న భాగానికీ రంగు తేడా ఉండబట్టే. ఆ తేడా పోతే పేర్లూ పోయినట్టే. అందుకే దాన్ని నేను గోడకు పెట్టను.

లెక్క చూడండి. సున్నితమైన బట్టలకు మ్యూజియంలు సాధారణంగా 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వవు. ఆ వెలుతురులో 8 గంటలు ఉంచితే 400 లక్స్-గంటలు అవుతుంది. మీ కిటికీ దగ్గర పగలు 5,000 లక్స్ ఉందనుకుంటే, అదే మోతాదు 5 నిమిషాల్లో పడిపోతుంది! ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసి మీ గోడ దగ్గర ఒకసారి చూసుకోండి, ఉజ్జాయింపుగానైనా తెలుస్తుంది.

నేనైతే గోడకు కొత్త కాపీలు పెట్టి, అసలువి బీరువా సొరుగులో ఉంచుతాను. 1970 నుంచి నాసాకు ప్యాచ్‌లు కుడుతున్న ఏబీ ఎంబ్లమ్ కంపెనీ పాత మిషన్లవి కూడా అమ్ముతుంది కాబట్టి కాపీలు దొరకడం కష్టం కాదు. అసలువే పెట్టాలని మనసు లాగితే కిటికీ వెలుతురు తగలని లోపలి గోడ చూసుకోండి. ఒకేసారి రెండు మూడు మాత్రమే పెట్టి, కొన్ని నెలలకోసారి మార్చండి. ఫ్రేమ్‌లో జిగురు వాడొద్దు, ఇస్త్రీతో అతికించొద్దు. ఉతికిన తెల్ల నూలు గుడ్డ మీద నాలుగు వదులు కుట్లు వేస్తే చాలు. అద్దం ప్యాచ్‌కు తగలకుండా మధ్యలో ఖాళీ ఉండాలి, లేకపోతే మన వానాకాలపు తేమకు బూజు పడుతుంది.

సొరుగులో దాచేటప్పుడు పీవీసీ కవర్ల జోలికి వెళ్లకండి, అవి పాతబడితే జిగటగా మారి అంటుకుంటాయి. పాలీప్రొపిలీన్ కవర్లు, ఆమ్లం లేని కాగితం వాడండి.

ఇప్పటికే వెలిసినవాటికి స్కెచ్ పెన్నుతో రంగు పూయించకండి, దయచేసి. వెలిసినా అది అసలు దారం.

గోడ సంగతి నమ్మకం కుదరకపోతే ఒక చవక డూప్లికేట్ తీసుకుని, సగానికి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, మీరు అనుకున్న చోటే వేలాడదీయండి. ఒక ఎండాకాలం గడిచాక ఫాయిల్ విప్పి రెండు సగాలూ పోల్చి చూసి, అప్పుడు ఫ్రేమ్‌కు ఆర్డర్ ఇవ్వండి.