కొత్త ఊసరవెల్లి నీళ్లు ముట్టడం లేదు!

ప్రశ్న: డాక్టరు గారూ, మేం డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయి పోరు పడలేక వెయిల్డ్ అనే జాతి ఊసరవెల్లిని తెచ్చాం. వచ్చిన దగ్గర్నుంచీ నల్లబడి ఓ మూల నక్కింది. గిన్నెలో నీళ్లు పెడితే కన్నెత్తి చూడదు. జబ్బంటారా?

జవాబు: బెదురే అయ్యుంటుందమ్మా. గిన్నె తీసేయండి. ఇవి ఆకుల మీద జారే బొట్లనే నాకుతాయి. పంజరంలో మందార మొక్క పెట్టి పొద్దునా సాయంత్రం తడపండి, ఆకులు కొరికినా భయం లేదు. యూవీబీ దీపం (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలిచ్చేది) రోజుకు 12 గంటలు వెలగాలి. వేసే కీచురాళ్లకు కాల్షియం పొడి అద్దండి. ముఖ్యంగా మీవాణ్ణి చెయ్యి పెట్టనివ్వకండి. దాని బెంగంతా వాడి ముద్దుతోనేమో! పగలు కూడా కళ్లు మూసుకుంటుంటే మాత్రం ఆలస్యం చేయక, సరీసృపాలు చూసే డాక్టరుకు చూపించండి. ఇండియాలో చెట్టు మీది ఊసరవెల్లిని పట్టి పెంచితే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, మీవాళ్లకూ చెప్పండి.