మందు విషం కొలవబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

పురుగుమందుల విషప్రభావం మీద ప్రాజెక్టు తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం తల్లీ. కోవూరు, విడవలూరు వైపు వరిమళ్ల నీళ్లు మురుగు కాలవల్లో కలిసి కిందికి పోతాయి. ఆ దిగువనే రొయ్యల గుంటలున్నాయి. నువ్వు తేల్చే అంకె మీద రెండు రకాల రైతుల బతుకు ఆధారపడి ఉంటుంది. ల్యాబులో ఈ పనే చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

మందు డబ్బా మీద రంగు త్రికోణం చూసి ఏ మందు ఎంత ప్రమాదమో నిర్ణయించుకోకు. అది ఎక్కువగా ఎలుకల మీద చేసిన పరీక్షలను బట్టి వేసింది. నోటి ద్వారా ఇస్తే సగం ఎలుకలు చచ్చే మోతాదు కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపైతే ఎరుపు, 5000 దాటితే ఆకుపచ్చ. మందు కొట్టే మనిషికి ఆ హెచ్చరిక చాలా అవసరమే. కానీ సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే రకం పురుగుమందులు చూడు: మనుషులకూ పశువులకూ అంత విషం కానివి కూడా చేపనూ రొయ్యనూ అతి తక్కువ మోతాదులో చంపేస్తాయి.

అందుకే అన్నిటికంటే ముందు ఏ ప్రాణి మీద పరీక్షించాలో ఆలోచించు. నీటి ప్రాణుల పరీక్షంటే అందరూ డాఫ్నియా అనే చిన్న నీటి జీవిని తెచ్చుకుంటారు. పెంచడం తేలిక, 48 గంటల్లో ఫలితం వస్తుంది. అయితే పురుగుమందుల్లో ఒకటైన ఇమిడాక్లోప్రిడ్‌ను డాఫ్నియా మాగ్నా అనే జాతి బాగా తట్టుకుంటుంది. అదే నీళ్లలో బతికే మేఫ్లై అనే కీటకం పిల్లపురుగులు అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ మోతాదుకే పడిపోతాయి. డాఫ్నియా ఒక్కదాన్నే నమ్మితే ప్రమాదమైన మందు కాగితం మీద మంచిదైపోతుంది. నువ్వు మన వనామి రొయ్య పిల్లల మీద కూడా చెయ్యి. అన్నీ ఒకే హేచరీ నుంచి, ఒకే బ్యాచ్‌లో తెచ్చి, నీళ్లకు అలవాటు పడేదాకా ఆగి మొదలుపెట్టు.

వరి పైరు రసం పీల్చే దోమకు కొట్టే బుప్రోఫెజిన్ లాంటి మందులతో ఇంకో చిక్కుంది. అవి పురుగు పెంకులో ఉండే గట్టి పదార్థం కైటిన్ తయారు కాకుండా అడ్డుకుంటాయి. రొయ్య పెంకూ కైటినే. కుబుసం విడిచేదాకా దానికేమీ కానట్టే ఉంటుంది. రెండు రోజులు చూసి తొట్టి ఖాళీ చేస్తే ఏమీ తెలియదు. కుబుసం విడిచేదాకా ఓపిక పట్టు. చావులే కాకుండా మేత ముట్టిందా, ఈత తప్పిందా అన్నవీ రాసుకో.

వేడి సంగతి మర్చిపోకు. డాఫ్నియా పరీక్షకు పుస్తకంలో చెప్పింది 18 నుంచి 22 డిగ్రీలు. మన ఎడగారు పంట మళ్లలో నీళ్లు 30 దాటతాయి. ఆర్గానోఫాస్ఫేటు రకం మందైన క్లోర్‌పైరిఫాస్ విషం వేడికి పెరుగుతుంది, పైరిత్రాయిడ్ల విషం సాధారణంగా చలికి పెరుగుతుంది. అందుకని రెండు ఉష్ణోగ్రతల్లోనూ చెయ్యి.

ఒంగోలు అవతల మిరప రైతులు రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొడతారు. పైరిత్రాయిడ్‌ను విరిచేసే ఎంజైములను ఆర్గానోఫాస్ఫేటు అడ్డుకుంటుంది. విడివిడిగా ఫరవాలేదనిపించిన మోతాదులే కలిస్తే చంపచ్చు. స్వచ్ఛమైన మందుతో ఆగకుండా, దుకాణంలో అమ్మే డబ్బా తెచ్చి, రైతు కలిపినట్టే కలిపి ఒక వరసైనా చూడు. డబ్బాలో మందొక్కటే ఉండదు, సాల్వెంట్లు, జిగురులు కూడా ఉంటాయి.

తొట్టిలో ఎంత పోశావో అదే లెక్కలో వెయ్యకు. పైరిత్రాయిడ్లు గాజుకు అంటుకుపోతాయి. మొదట్లోనూ చివర్లోనూ నీళ్లు తీసి కొలిపించు. ఖర్చని వద్దంటారు, ఒప్పుకోకు. మందును అసిటోన్ అనే సాల్వెంట్‌లో కరిగించి పోస్తే అసిటోన్ ఒక్కటే పోసిన తొట్టి విడిగా పెట్టు. అసిటోన్‌ను లీటరు నీళ్లకు 0.1 మిల్లీలీటరు దాటనివ్వకు.

ఎలుకలను ఎక్కువ సంఖ్యలో చంపే పాత పద్ధతిని, పరీక్షల పద్ధతులు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ 2002లోనే తీసేసింది. ఆ జోలికి పోవద్దు.

మందు వెయ్యని తొట్టిలో నూటికి పది కంటే ఎక్కువ చస్తే ఆ బ్యాచ్ అంకెలు ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టు. మీ గైడు తొందరపెడితే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను.

మీ పెదనాన్న