‘మీ రిస్క్’ అని బోర్డు పెడితే రెస్టారెంట్ బాధ్యత తీరిపోతుందా?

ప్రశ్న: మాది విజయవాడ. పోయిన నెల హైదరాబాద్‌లో ఓ జపనీస్ తెప్పన్‌యాకి రెస్టారెంట్‌కి వెళ్లాం. షెఫ్ మా ముందే పెనం మీద ఉల్లిపాయ చక్రాలను గోపురంలా పేర్చి, నూనె పోసి మంట లేపాడు. ఆ నూనె చింది మా ఏడేళ్ల బాబు ముంజేయి కాలింది. ఆస్పత్రి ఖర్చు అడిగితే, ‘పెనం దగ్గర కూర్చోవడం కస్టమర్ రిస్క్ అని బోర్డు ఉంది’ అంటున్నారు. ఒక కాగితం మీద సంతకం పెడితే ఈసారి డిన్నర్ ఉచితమట. కేసు నిలుస్తుందా?

జవాబు: నిలుస్తుందమ్మా. ముందు ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. ఇకపై ఏ క్లెయిమూ అడగమని అందులో రాయించుకునే అవకాశమే ఎక్కువ.

బోర్డు చూసి టెన్షన్ పడొద్దు. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ సిబ్బందికి పార్కింగ్ కోసం అప్పగించిన కారు చోరీ అయింది. చీటీ మీద ‘ఓనర్ రిస్క్’ అని ఉందని హోటల్ వాదించింది. సిబ్బంది నిర్లక్ష్యం ఉంటే ఆ మాట హోటల్‌ని కాపాడదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. అది అప్పగించిన వస్తువు కేసే, నిజమే. కానీ కారు విషయంలో చెల్లని మాట పసివాడి ఒంటి విషయంలో ఎలా చెల్లుతుందని నేనైతే గట్టిగా అడుగుతాను.

‘మంట ఉంటుందని తెలిసే కూర్చున్నారుగా’ అని కూడా అంటారు. మీరు ఒప్పుకున్నది పెనం వేడికి, పొగకి. నూనె మీద పడటానికి కాదు. కుర్చీ ఎంత దూరంలో వేయాలి, పిల్లాణ్ని ఏ సీట్లో కూర్చోబెట్టాలి, మంట లేపేముందు వెనక్కి జరగమని చెప్పాలా వద్దా అన్నవన్నీ రెస్టారెంట్ చేతిలోనివి. కస్టమర్‌ని పెనానికి అంత దగ్గరగా కూర్చోబెట్టి వ్యాపారం చేసేవాళ్ల మీద జాగ్రత్త బాధ్యత మరింత ఎక్కువ.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఇది సేవాలోపం. బిల్లు మీరు కట్టినా, సేవ అందుకున్న బాబు కూడా వినియోగదారుడే. మీరు ఉండేది విజయవాడ కాబట్టి అక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. గడువు రెండేళ్లు. కట్టిన బిల్లు 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు.

అసలు కష్టం రుజువు దగ్గరే. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఇలాంటి రెస్టారెంట్‌లోనే, షెఫ్ విసిరిన రొయ్యను తప్పించుకోబోయి ఒకాయన మెడకు దెబ్బ తగిలిందని, ఆపరేషన్ల తర్వాత చనిపోయారని కుటుంబం దావా వేసింది. ఆ ఘటనకూ మరణానికీ సంబంధం తెగిపోయిందని రెస్టారెంట్ వాదించింది. 2006లో జ్యూరీ రెస్టారెంట్ వైపే తీర్పిచ్చింది. మీ కేసులో అలాంటి సందు ఉండకూడదు. ‘వేడి నూనె పడి కాలింది’ అన్న మాట, తేదీ, సమయం ఆస్పత్రి చీటీలో ఉన్నాయో లేదో ఈరోజే చూడండి. గాయం ఫొటోలు తేదీలతో దాచండి. సీసీటీవీ రికార్డింగ్ కొన్నాళ్లకే చెరిగిపోతుంది, దాన్ని భద్రపరచాలని వెంటనే ఈమెయిల్, స్పీడ్ పోస్టు పంపండి. ఆ మంట లేపే క్షణాన్ని బల్ల చుట్టూ అందరూ ఫోన్లో తీస్తారు, మీవాళ్ల ఫోన్లు కూడా వెతకండి.

నిప్పు విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద పోలీసు ఫిర్యాదుకూ దారుంది. కానీ జీతానికి పనిచేసే షెఫ్‌ని స్టేషన్ చుట్టూ తిప్పమని నేను చెప్పను. ఉద్యోగి పొరపాటుకు యజమాని జవాబు చెప్పాలి, పరిహారం అక్కడే అడగండి. అయిన ఖర్చు, మచ్చకు ముందుముందు అయ్యే వైద్యం, బాబు పడిన బాధ, కేసు ఖర్చులు కలిపి నమ్మదగ్గ మొత్తం వేయండి. ఆ మొత్తం అడుగుతూ రెస్టారెంట్‌కి ముందు నోటీసు పంపండి. దానికి 15 రోజుల గడువిచ్చి, స్పందన లేకపోతే కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేయండి.