నల్లబెల్లం మీద బాక్టీరియాతో ప్లాస్టిక్: చక్కెర చౌకగా దొరికితే సరిపోతుందా?

నల్లబెల్లం, మొలాసిస్ (చక్కెర మిల్లులో మిగిలే మడ్డి) వంటి చౌక సరుకుల మీద బాక్టీరియాను పెంచి, మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్‌ను చిన్న యూనిట్‌లో తయారు చేసి అమ్మవచ్చా అని మీరు అడిగారు. ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీలో నా ప్రాజెక్టు ఇదే కాబట్టి చెబుతున్నాను. తయారు చేయడం సాధ్యమే, కానీ మీ లెక్క దెబ్బతినేది బెల్లం ధర దగ్గర కాదు.

ఈ ప్లాస్టిక్ పేరు పాలీహైడ్రాక్సీబ్యుటిరేట్, క్లుప్తంగా పీహెచ్‌బీ. బాసిల్లస్ మెగాటీరియం అనే బాక్టీరియాలో దీనిని 1926 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మారిస్ లెమోయిన్ గుర్తించారు. మన ఒంట్లో కొవ్వు ఎలాంటిదో ఆ కణంలో ఇది అలాంటి నిల్వ. చక్కెర పుష్కలంగా ఉండి నత్రజని అయిపోయినప్పుడు ప్రోటీన్లు తయారు కాక, కణవిభజన ఆగిపోయి, మిగిలిన చక్కెరలో చాలా భాగం పీహెచ్‌బీగా మారి గుళికల రూపంలో లోపల పేరుకుంటుంది. అంటే మనం చేయవలసిన పని దానిని ముందు బాగా మేపి, తరువాత ఒక్క నత్రజని విషయంలో పస్తు పెట్టడం.

బెల్లంతో చిక్కు ఇక్కడే మొదలైంది. ఐదు కిలోల నల్లబెల్లం అడిగేసరికి దుకాణదారు నన్ను ఎగాదిగా చూసి, కాలేజీ కార్డు చూపించేదాకా తూకం వేయలేదు. నాటుసారా బట్టీలకు పోయే సరుకు కనుక ఆయన అనుమానాన్ని తప్పు పట్టలేను. శుద్ధమైన గ్లూకోజ్ అయితే మనం వేసిన అమ్మోనియం సల్ఫేటే మొత్తం నత్రజని. బెల్లంలోనూ, మొలాసిస్‌లోనూ సొంత నత్రజని కొంత ఉంటుంది, అది దిమ్మకొక తీరుగా ఉంటుంది కాబట్టి పస్తు ఏ గంటకు మొదలవుతుందో ప్రతిసారీ కొత్తగా చూసుకోవలసి వచ్చేది.

ఆ గంట తప్పితే ఏమవుతుందో సంక్రాంతికి తెలిసింది. సుడాన్ బ్లాక్ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, గులాబీ రంగు కణాల్లో నల్లటి గుళికలు ఆవగింజల్లా నిండుగా కనిపించాయి. ఇంకా పెరుగుతాయన్న ఆశతో ఫ్లాస్కులను షేకర్ (ఊపుతూ ఉండే యంత్రం) మీదే వదిలి ఊరికి వెళ్లాను. నాలుగు రోజుల తరువాత చూస్తే గుళికలు దాదాపు లేవు, రంగు పట్టని మెరిసే స్పోరులే, అంటే గడ్డుకాలానికి బాక్టీరియా తాల్చే నిద్రావస్థ రూపాలే, ఉన్నాయి. దాచుకున్న ప్లాస్టిక్‌ను కరిగించుకుని అవి స్పోరులుగా మారిపోయాయి.

తరువాతి విడతలో లీటరుకు 20 గ్రాముల బెల్లం వేస్తే ఎండబెట్టిన కణాలు 3.8 గ్రాములు, వాటి నుంచి పీహెచ్‌బీ 1.4 గ్రాములు వచ్చాయి. కణాల గోడలను హైపోక్లోరైట్‌తో పగలగొట్టి, లోపలి సరుకును క్లోరోఫాంలో కరిగించి, పెట్రీ పళ్లెంలో ఆరబెడితే ఉల్లిపొరలాంటి పలుచని ఫిల్మ్ లేచింది. చూడడానికి ముచ్చటగానే ఉంది కానీ, వంచితే కాల్చిన అప్పడంలా విరిగింది. పీహెచ్‌బీ సహజ గుణమే అది. పైగా సుమారు 175 డిగ్రీల వద్ద కరిగి, ఇంకొంచెం వేడెక్కితే చెడిపోవడం మొదలవుతుంది కనుక అచ్చు పోయడం కూడా సులభం కాదు. ప్రొపియోనిక్ ఆమ్లాన్ని కలిపి మేపితే ప్లాస్టిక్ గొలుసులో వ్యాలరేట్ అనే మరో అణువు చేరి కాస్త మెత్తని రకం వస్తుంది, కానీ అది మరో ఖర్చు.

ఇప్పుడు మీ లెక్కకు వస్తాను. గ్లూకోజ్ నుంచి సిద్ధాంతరీత్యా వంద గ్రాములకు 48 గ్రాములకు మించి రాదు. పరిశ్రమల్లో సైతం కిలో ప్లాస్టిక్‌కు దాదాపు మూడు కిలోల చక్కెర పడుతుంది. దానికి గాలి కొట్టే కరెంటు, స్టెరిలైజేషన్‌కు ఆవిరి, కణాలను వడకట్టి ఆరబెట్టడం, ద్రావకాన్ని తిరిగి పట్టుకోవడం కలపండి. నా గ్రామున్నర కోసం 200 మిల్లీలీటర్ల క్లోరోఫాం పోయింది. వరిగడ్డి ఇంకా చౌక కదా అనవచ్చు. దానిని ఆమ్లంతో ఉడికించి చక్కెర తీసినప్పుడు బాక్టీరియాకు గిట్టని ఫర్‌ఫ్యురాల్ అనే పదార్థం కూడా పుడుతుంది, దానిని తొలగించే ఖర్చుతో ఆ చౌకదనం చాలా వరకు కరిగిపోతుంది.

బ్రెజిల్‌లోని సావో పాలో రాష్ట్రంలో, సెరానా అనే ఊళ్లో, 1990లలో పీహెచ్‌బీ తయారీని చక్కెర మిల్లుకు ఆనుకునే పైలట్ ప్లాంటుగా పెట్టారు. చక్కెర అక్కడిదే, ఆవిరీ కరెంటూ చెరకు పిప్పి నుంచి, ద్రావకం మిల్లు డిస్టిలరీలో మిగిలే బరువైన ఆల్కహాళ్ల నుంచి. నా దృష్టిలో ఈ పని నిలబడగల అమరిక అదే, విడిగా షెడ్డు వేసి బెల్లం కొని చేసేది కాదు. మీకు చక్కెర మిల్లుతో ఒప్పందం కుదిరే అవకాశం ఉంటే, ముందు వాళ్ల మొలాసిస్‌తో లీటరు ఫ్లాస్కులు నాలుగు పెట్టి, 24వ గంట నుంచి ఆరు గంటలకొకసారి రంగు వేసి చూసి, గుళికలు నిండిన గంటను రాసి పెట్టుకోండి. ఆ నాలుగు రోజులు మాత్రం ఊరికి వెళ్లకండి.